ఒక కన్ను చాలదన్న నీవెస్

ఆదివారం భోజనాల దగ్గర, పళ్ళాల్లో సూపు ఇంకా పొగలు కక్కుతుండగానే, నీవెస్ ఆ సంగతి బయటపెట్టింది.

"నా ఎడమ కంటి అంచు నుంచి చిన్న ముక్క కోసి తీస్తారు. ల్యాబులో దాన్ని పెంచి, కుడి కంటికి అతికిస్తారు. వచ్చే నెల పదిహేనో తారీఖున రమ్మన్నారు."

తమ్ముడు లోరిస్ చెంచా నోటిదాకా తెచ్చినవాడు అలాగే ఆగిపోయాడు.

"ఏ కంటి నుంచి?"

"ఎడమ కంటి నుంచని చెప్పానుగా."

"చూపున్న కంటి నుంచా?"

"చూపు లేని కంట్లో కొయ్యడానికి ఏముందిరా? ఉడికిన గుడ్డులా ఉంది."

లోరిస్ చెంచాను పళ్ళెంలో పడేశాడు. సూపు చింది టేబుల్ గుడ్డ మీద పడింది. తల్లి అర్మీద ఆ మరక వైపు చూసింది, కొడుకు వైపు చూసింది, రొట్టె ముక్కతో తడి అద్దింది. ఆవిడకి ఎనభై ఒక్కేళ్ళు. ఏ మాట ఎప్పుడు అనాలో బాగా తెలిసిన మనిషి.

"నీకు పిచ్చిగానీ పట్టలేదు కదా?" అన్నాడు లోరిస్. "దేవుడి దయ వల్ల ఒక కన్ను మిగిలింది. కారు నడుపుకుంటున్నావు, పేపరు చదువుకుంటున్నావు, పని చేసుకుంటున్నావు, నా మీద అరుస్తున్నావు. ఒక కన్ను చాలదా నీకు?"

"నీకు ఒక కాలు చాలదా?"

"అది వేరు."

"ఏం వేరు? ఒంటి కాలితో కుంటుకుంటూ కొట్టంలోకి వెళ్ళొచ్చు, పాలు పితకొచ్చు. ఎంతమంది బతకడం లేదు? రెండోది తీసి అటక మీద పెట్టు."

"నీ నోటితో ఎవరు గెలుస్తారు!" అని లోరిస్ లేచిపోయాడు. వాకిట్లో చాలాసేపు అతని కారు స్టార్టు కాలేదు. కోపంగా ఉన్నప్పుడు తాళంచెవి తిప్పడం కూడా అతనికి సరిగ్గా రాదు.

వాళ్ళుండే కొండల్లో లోయకొక చీజు తయారుచేసే పాలశాల ఉంటుంది. పాలు పోసే రైతులంతా కలిసి పెట్టుకున్న సంఘమే దానికి యజమాని. నీవెస్ పద్దెనిమిదో ఏట అందులో నేల కడిగే పనికి చేరింది. ముప్ఫై మూడేళ్ళు వచ్చేసరికి చీజు పని నడిపించే మేస్త్రీ ఎర్మెస్‌కి కుడిభుజం. రాగి గంగాళంలో పాలు విరిగే క్షణాన్ని, విరుగుడు గింజలు ఎంత సన్నగా చితకాలో ఆ కొలతను, మేస్త్రీ చేత్తో చూసి చెప్పేలోగా ఆమె కంటితో చూసి చెప్పేది. మేస్త్రీ తరవాత మేస్త్రీ ఆమేనని అందరూ అనుకునేవారు. పెళ్ళి మాత్రం చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పేది.

పదమూడేళ్ళ కిందట ఒక శుక్రవారం ఉదయం, గంగాళాలు కడిగే పైపు బిగింపు ఊడి, వేడి కాస్టిక్ సోడా నీళ్ళు ఆమె ముఖం మీదికి ఎగజిమ్మాయి. ఎర్మెస్ పరుగున వచ్చి ఆమె మెడ పట్టుకుని కుళాయి కింద వంచాడు. ఆమె తన్నింది, అరిచింది, ఆయన మణికట్టు కొరికింది. ఇరవై నిమిషాలు ఆయన వదల్లేదు. ఎడమ కన్ను దక్కిందంటే ఆయన వల్లనే. ఆ సాయంత్రం ఆఫీసు గదిలో ప్రమాదాల పుస్తకం తీసి, "రక్షణ అద్దాలు పెట్టుకోలేదు" అని రాసింది కూడా ఆయనే. అద్దాలు ఉంటే కదా పెట్టుకోవడానికి! పాలశాల మొత్తానికి ఉన్నది ఒకే జత, దాని పట్టీ తెగి అప్పటికి రెండు నెలలు. ఒకే మనిషి ఒకే రోజున కన్ను కాపాడాడు, అబద్ధమూ రాశాడు. ఆయనకు దణ్ణం పెట్టాలో ముఖాన ఉమ్మాలో తేలక, నీవెస్ పదమూడేళ్ళుగా పొద్దున్నే పలకరించి ఊరుకునేది.

కుడి కన్ను తెల్లబడిపోయింది. దాని మీద ఎర్రటి నరాలు పాకాయి. చనిపోయినవాళ్ళు దానం చేసిన కంటి పొరను రెండు సార్లు మార్చారు. రెండు సార్లూ కొన్ని నెలలు వెలుతురు తెలిసింది, మళ్ళీ పొగమంచు కమ్మేసింది. ఆవిరి, తడి నేల, మరిగే గంగాళాల మధ్య దూరం దగ్గర సరిగ్గా తెలియని మనిషిని నిలబెట్టకూడదని ఆరోగ్య పరీక్ష డాక్టరు రాసిచ్చాడు. అలా ఆమె పక్క గదిలోకి, చీజు ముక్కలు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి గాలి తీసేసే యంత్రం దగ్గరికి చేరింది. గోడకి అవతల గంగాళాల చప్పుడు వినిపిస్తూనే ఉండేది.

ఇదిగో, ఆ ఆదివారానికి కొద్ది రోజుల ముందే పట్నంలో కంటి డాక్టరు బొనచీని ఆమె కన్ను చూసి అసలు సంగతి చెప్పింది.

"మీకు రెండు సార్లు కంటికి కొత్త పొర, అంటే కొత్త అద్దం, వేశారు సిన్యోరా నీవెస్. కానీ ఆ అద్దం మీద సన్నటి చర్మం ఎప్పటికప్పుడు కొత్తగా పుడుతుండాలి. అది పుట్టేది ఇక్కడ, తెల్లగుడ్డూ నల్లగుడ్డూ కలిసే అంచులో. అక్కడ మూలకణాలుంటాయి. మీ కుడి కంట్లో అవన్నీ కాలిపోయాయి."

"అంటే పాలు కొత్తవి పోస్తున్నారు గానీ, తోడు లేదన్నమాట."

డాక్టరమ్మ నవ్వింది. "అంతే. ఆ తోడు మీ ఎడమ కంట్లో ఉంది. బియ్యపు గింజలో సగమంత ముక్క చాలు. ల్యాబులో దాన్ని పెంచి పొరలాగా చేస్తారు. కుడి కంటి మీది తెల్లటి మచ్చ తీసేసి ఆ పొర పరుస్తాం. అది బతికితే, ఏడాది పోయాక మళ్ళీ అద్దం మారుస్తాం. ఈసారి నిలుస్తుంది. ఇప్పుడిది ప్రయోగం కాదు, అనుమతి వచ్చిన వైద్యమే."

"బతక్కపోతే?"

"నలుగురిలో ఒకరికి బతకదు. ఎడమ కంటికి అపాయం చాలా తక్కువ. అసలే లేదని మాత్రం నేను చెప్పను. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

"పదమూడేళ్ళు ఆలోచించాను, డాక్టరమ్మా. తారీఖు చెప్పండి."

ఆసుపత్రి ఫైలుకి ప్రమాదం నాటి కాగితం నకలు కావాలన్నారు. సోమవారం నీవెస్ పాలశాల ఆఫీసుకి వెళ్ళింది. ఎర్మెస్ అక్కడే ఉన్నాడు. అరవై దాటిన మనిషి, వచ్చే ఏడాదో ఆపై ఏడాదో పని మానేస్తానంటున్నాడు. అడిగితే ముందు కళ్ళు చిట్లించి, తరవాత బీరువా వెతికి, బూజు దులిపి పుస్తకం బల్ల మీద పెట్టాడు.

ఆమె పేజీ తిప్పింది. ఆ వాక్యం పొట్టిగా ఉంది, కుదురుగా ఉంది. జేబులోంచి పెన్ను తీసింది.

"ఏం చేస్తున్నావ్? అది సంఘం పుస్తకం," అన్నాడు ఎర్మెస్.

"తెలుసు. అందుకే ఇందులో రాస్తున్నా."

"పదమూడేళ్ళ తరవాతా?"

"నాకు ఇప్పటికి తీరిక దొరికింది మేస్త్రీ."

ఆయన వాక్యం కింద పెద్ద అక్షరాలతో రాసింది: "అద్దాలు ఇవ్వలేదు. ఉన్న ఒక్క జతకి పట్టీ లేదు. ఇది రాసినది దెబ్బ తగిలిన మనిషి." కింద పూర్తి పేరు, నీవెస్ కసోలారి, ఆనాటి తారీఖు.

"ఆ రోజు సంఘం పెద్దలు నన్ను..." అని ఎర్మెస్ మొదలుపెట్టాడు.

"సంఘం పేరు చెప్పకండి. ఆ చేతిరాత నాకు తెలుసు. ఆ చేత్తోనే నా తల కుళాయి కింద పట్టుకున్నారు. అదీ మర్చిపోలేదు, ఇదీ మర్చిపోలేదు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. పేజీ చింపలేదు. ఆమె నకలు తీయించుకుని వెళ్ళేటప్పుడు మాత్రం వెనక నుంచి, "ఏ రోజున కోస్తారు?" అని అడిగాడు. ఆమె చెప్పలేదు.

పదిహేనో తారీఖున లోరిస్ ముఖం ముడుచుకునే ఆమెను కారులో ఆసుపత్రి దగ్గర దింపాడు. కోత పది నిమిషాల పని. చుక్కల మందు వేశారు, ఏదో గీసినట్టు తెలిసింది, అంతే. ఆ తరవాతి మూడు రోజులే కష్టం. ఎడమ కంటికి కట్టు కట్టారు. కుడి కంట్లో ఎలాగూ ఏమీ లేదు. నీవెస్‌కి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి లోకం పూర్తిగా ఆరిపోయింది.

తల్లి ఆమెకు అన్నం తినిపించబోయింది. "అమ్మా, చేతులున్నాయి," అంది నీవెస్. ఫోర్కు ముక్కుకి గుచ్చుకుంది. "అది నోరు కాదు పిల్లా," అని అర్మీద తాపీగా అంది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఆగాక నీవెస్‌కి భయం పట్టుకుంది. కట్టు విప్పాక కూడా ఇలాగే ఉంటే? ఆ ప్రశ్నను ఆమె ఎవరికీ చెప్పలేదు. గోడ పట్టుకుని వంటింటి నుంచి గదికి, గది నుంచి వంటింటికి అడుగులు లెక్కపెడుతూ తిరిగింది. పదకొండు. తొమ్మిది. మోకాలు కుర్చీకి కొట్టుకున్నప్పుడల్లా కుర్చీని బూతులు తిట్టింది.

రెండో రోజు లోరిస్ వచ్చాడు. కొట్టం వాసన ముందొచ్చింది, వెనక అతనొచ్చాడు. ఎదురుగా కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు.

"ఉన్నావా, పోయావా?" అంది నీవెస్.

"ఉన్నా." గొంతు సవరించుకున్నాడు. "ఒకటి చెప్తాను, తిట్టకు. నువ్వు పూర్తిగా గుడ్డిదానివైపోతే నేనేం చెయ్యాలి? నలభై ఆవులున్నాయి. అమ్మకి ఎనభై దాటాయి. నిన్ను కూడా... నాకు భయంగా ఉంది నీవెస్. నీ గురించి కాదు. నా గురించి."

నీవెస్‌కి తమ్ముడి మీద మొదటిసారి జాలి కలిగింది. అంత నిజం అతని నోట ఎప్పుడూ వినలేదు.

"భయపడు. నేనూ పడుతున్నా," అంది. "కానీ నీ భయానికి నా కన్ను తాకట్టు పెట్టమంటే పెట్టను."

మూడో రోజు కట్టు విప్పారు. ఎడమ కంట్లో ముందు ఎర్రగా, తరవాత మసకగా, తరవాత డాక్టరమ్మ మెడలోని పచ్చ పూసల దండ ఒక్కో పూసా విడివిడిగా కనిపించింది. నీవెస్ ఆ పూసలు లెక్కపెట్టింది. ముప్ఫై రెండు. డాక్టరమ్మకే ఆ లెక్క తెలియదు.

మూడు వారాలకి ఫోను వచ్చింది. నీవెస్ ప్యాకింగ్ గదిలో యంత్రం ఆపి మాట్లాడింది.

"సిన్యోరా, బాధపడకండి. కణాలు పెరగలేదు," అంది బొనచీని. "ఒక్కోసారి అలా జరుగుతుంది. ఎవరి తప్పూ లేదు. కోసిన ముక్కలో పట్టు ఉన్న కణాలు సరిపోలేదు."

"మళ్ళీ కొయ్యొచ్చా?"

"వైద్యం ప్రకారం కొయ్యొచ్చు. అంచులో వేరే చోట. కానీ రెండోసారి అంటే..."

"నాకు వినపడింది. కొయ్యొచ్చు అన్నారు."

ఊళ్ళో ఆ వార్త రొట్టెల కొట్టుకి ఆమె కంటే ముందే చేరింది. కొట్టు నడిపే ఇయోలె రొట్టెకి కాగితం చుడుతూ సానుభూతిగా తలూపింది. "ఏం చేస్తాం నీవెస్, రాసిపెట్టి లేదు. మళ్ళీ కోయించుకుంటావని ఎవరో అన్నారు. నేను నమ్మలేదులే. ఉన్నది కూడా పోతే?"

"పోతే చేతికర్ర పట్టుకుని ముందు నీ కొట్టుకే వస్తా. నువ్వు రొట్టె తూచేటప్పుడు తక్కెడ తడిమి చూస్తా."

వెనక వరసలో నిల్చున్నవాళ్ళు నవ్వారు. ఇయోలె ఎర్రబడింది. నీవెస్ రొట్టె తీసుకుని బయటికొచ్చి, చర్చి గోడ పక్కన ఎవరూ లేని చోట నిలబడి, రొట్టె అంచుని ముక్కలు ముక్కలుగా తుంచుతూ ఉండిపోయింది. నోటితో ఊరిని గెలవచ్చు. లోపల ఉన్నదాన్ని గెలవడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

లోరిస్ ఈసారి అరవలేదు. అదే ఇంకా కష్టమైంది. "నేను తీసుకెళ్ళను," అన్నాడంతే. "మొదటిసారి తీసుకెళ్ళాను. రెండోసారి నా చేతులతో తీసుకెళ్ళి దింపలేను."

"నేనొస్తా," అంది అర్మీద. ఆవిడ అప్పటికే కోటు తొడుక్కుంది, కాళ్ళకి మంచి చెప్పులు వేసుకుంది.

"అమ్మా, రెండు బస్సులు మారాలి! నీ తుంటి..."

"నా తుంటి నాతోనే వస్తుంది. దానికి టికెట్టు అక్కర్లేదు."

తల్లీకూతుళ్ళు రెండు బస్సులు మారి పట్నం చేరారు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మర్యాదకి అర్మీదను అడిగింది. "అమ్మా, మీకు సమ్మతమేనా?"

"దాని కన్ను," అంది ముసలావిడ. "నన్నెందుకు అడుగుతారు? మా కాలంలో మా గురించి అందర్నీ అడిగేవాళ్ళు, మమ్మల్ని తప్ప."

ఈసారి కట్టు కట్టిన మూడు రోజులూ నీవెస్ తల్లి మంచం పక్కనే పడుకుంది. చీకట్లో అర్మీద ఆమెకు ఎప్పుడూ చెప్పని సంగతులు చెప్పింది. తనకి పదహారేళ్ళప్పుడు వరి పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్ళంతా మోకాలిలోతు నీళ్ళలోంచి లేచి, పని గంటలు తగ్గిస్తే గానీ వంగబోమని గట్టు మీద కూర్చున్నారట. మేనేజరు వచ్చి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడట. అర్మీదను అందరి ముందూ "చిన్నపిల్లవి, నువ్వెందుకు వీళ్ళతో" అన్నాడట.

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? కూర్చున్నాను."

కణాలు ఈసారి పట్టాయి. పొర తయారయ్యాక ల్యాబులో పనిచేసే మరీలెనా ఆపరేషన్‌కి ముందు నీవెస్‌ని సూక్ష్మదర్శిని దగ్గరికి పిలిచింది. మామూలుగా రోగుల్ని పిలవరు. "ఈవిడ రోజుకి రెండు సార్లు ఫోను చేసి 'నా పిల్లలెలా ఉన్నారు' అని అడిగింది, చూడనివ్వాల్సిందే," అని మరీలెనా అందరికీ చెప్పింది.

నీవెస్ ఎడమ కన్ను గొట్టానికి ఆనించింది. మొదట ఏమీ లేదు. తరవాత కనిపించాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుని, సందు లేకుండా, బజారు చౌకులో పరిచిన రాళ్ళలాగా వందల కొద్దీ చిన్న చిన్న గడులు.

"ఇవన్నీ నావేనా?"

"మీవే. మొదట కొన్నే ఉన్నాయి. మిగతావన్నీ వాటికి పుట్టినవే."

"మొండివి," అంది నీవెస్. కంటిని గొట్టం నుంచి తియ్యకుండా అలాగే ఉండిపోయింది. మరీలెనా తొందరపెట్టలేదు.

ఆపరేషన్‌లో కుడి కంటి మీది తెల్లటి మచ్చంతా ఒలిచి, గుడ్డు పెంకు లోపలి పొరంత పలచగా ఉన్న ఆ కణాల పొరని పరిచి, రెప్పలు మూసి కట్టు కట్టారు. రెండు వారాలు తుమ్మకూడదు, వంగకూడదు, కన్ను నలపకూడదు. తుమ్ము వచ్చినప్పుడల్లా నీవెస్ ముక్కు పట్టుకుని, "ఇప్పుడు కాదు, ఇప్పుడు కాదు" అని దాన్ని బెదిరించేది. రెప్పలు తెరిచిన రోజున పెద్దగా ఏమీ కనపడలేదు. మసక వెలుతురు. కానీ డాక్టరమ్మ చెంపలు ఎర్రబడ్డాయి, ఆవిడకి సంతోషమొస్తే అలా అవుతుంది. "నరాలు పాకడం లేదు. పొర పట్టింది. మీ కన్ను మళ్ళీ చర్మం పుట్టిస్తోంది."

ఏడాది ఆగి కుడి కంటికి మూడో అద్దం వేశారు. నెలలు గడిచేకొద్దీ మబ్బు విడిచినట్టు విడివిడిగా వస్తువులు వచ్చి చేరాయి. కిటికీ చట్రం. తల్లి జడ. ద్రాక్షతోటలో వరసలు. అక్షరాలు మాత్రం పెద్దవే. పదిలో నాలుగు వంతుల చూపు, అంతకు మించి రాదన్నారు. కానీ రెండు కళ్ళూ కలిసి పనిచేసిన మొదటి రోజున నీవెస్ మెట్లు దిగుతూ ఆగిపోయింది. మెట్టుకీ మెట్టుకీ మధ్య లోతు ఉంది! పద్నాలుగేళ్ళకు పైగా మెట్లన్నీ ఆమెకు కాగితం మీద గీసిన గీతలే. కాలు పెట్టింది, తీసింది, పెట్టింది. ఆ పూట ఆ నాలుగు మెట్లూ ఎన్నిసార్లు ఎక్కి దిగిందో ఆమెకే లెక్క లేదు.

ఆరోగ్య పరీక్షలో పాసయినట్టు కాగితం చేతికొచ్చిన వారమే పాలశాల సభ్యుల సమావేశం. ఎర్మెస్ మానేస్తున్నాడు, కొత్త మేస్త్రీని ఎన్నుకోవాలి. పోటీలో ఇద్దరు. పట్నంలో చదివి డిప్లొమా తెచ్చుకున్న ఒక మనిషి, నీవెస్. ఇరవై ఒక్కమంది రైతులు బెంచీల మీద కూర్చున్నారు. లోరిస్ చివరి బెంచీ మీద టోపీ చేతిలో నలుపుతున్నాడు.

ముందు వరసలో కూర్చున్న వాళ్టర్‌కి హాస్యమెక్కువ. రెండు వేళ్ళు పైకెత్తాడు. "ఇవెన్ని నీవెస్?"

"రెండు. పక్క వేలికి పెళ్ళి ఉంగరం లేదు. మీ ఆవిడకి తెలుసా?"

గది పకపకలాడింది. వాళ్టర్ చెయ్యి జేబులోకి పోయింది.

సంఘం అధ్యక్షుడు గొంతు పెంచాడు. "ఇది తమాషా కాదు. నీవెస్, నీ కష్టం మాకు తెలుసు. నీ మీద గౌరవం ఉంది. కానీ గంగాళాల దగ్గర ప్రమాదం. ప్యాకింగ్‌లో నీకు పెద్ద హోదా ఇస్తాం, జీతం కూడా పెంచుతాం. అక్కడ హాయిగా ఉండొచ్చు కదా?"

నీవెస్ లేచి నిలబడింది. 

"హాయిగా ఉండమని నాకు చాలామంది చెప్పారు. ఒక కన్నుతో హాయిగా ఉండమన్నారు. పక్క గదిలో హాయిగా ఉండమన్నారు. నాకెంత చాలో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు, నాకు తప్ప. నేను మిమ్మల్ని దయ అడగట్లేదు. ఈ గంగాళాలు నాకు తెలుసు. పాలు ఎప్పుడు విరుగుతాయో తెలుసు. నాకు కాదని మీరు చెప్పాలంటే చెప్పండి. కానీ నా కంటి మంచి కోసమని మాత్రం చెప్పకండి. నా కంటి సంగతి నేను చూసుకున్నాను."

అధ్యక్షుడు ఎర్మెస్ వైపు తిరిగి, "మేస్త్రీ, మీ మాటేమిటి?" అన్నాడు.

ఎర్మెస్ నెమ్మదిగా లేచాడు. "నా మాట మీరు ఒకసారి విన్నారు. ఆ రోజు ఈమె అద్దాలు పెట్టుకోలేదని నేను రాశాను. లేని అద్దాలు ఎలా పెట్టుకుంటుంది? అప్పుడు నేను చెప్పింది మీరందరూ నమ్మారు. కాబట్టి ఇప్పుడు నా మాట అడక్కండి. ఓటు వెయ్యండి." అని కూర్చున్నాడు. నీవెస్ వైపు చూడలేదు. ఆమె కూడా ఆయన్ని క్షమించినట్టు కనపడాలని అనుకోలేదు.

చేతులెత్తి ఓటు వేశారు. పదకొండు, పది. నీవెస్ గెలిచింది. లెక్కపెట్టేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి చూసింది. లోరిస్ చెయ్యి పైకి లేచింది, కానీ రెండోసారి, పట్నం మనిషి పేరు పిలిచినప్పుడు.

బయట కార్ల దగ్గర అతను ఆమె కోసం ఆగాడు. "చూశావుగా," అన్నాడు.

"చూశాను."

"ఆవిరిలో నువ్వు మళ్ళీ ఆ చోట నిలబడితే చూడలేను. నన్ను తిట్టు, కొట్టు. అబద్ధపు ఓటు వెయ్యలేకపోయాను."

"మంచిపని చేశావు," అంది నీవెస్. "నీ ఓటు లేకుండానే గెలిచాను. ఇక నువ్వు నాకేమీ చేసిపెట్టనక్కర్లేదు." అని అతని టోపీ లాక్కుని అతని తలకే పెట్టి, కళ్ళ మీదికి గుంజింది. చిన్నప్పుడు అలా చేసేది.

మేస్త్రీగా పని మొదలుపెట్టిన నాలుగో రోజున, తెల్లారి పాలు దిగుతున్నాయి. ఒక్కో రైతు క్యాను మూత తీసి ఆమె లోపలికి వంగి చూస్తోంది, గరిటెతో తీసి వెలుతురులో తిప్పుతోంది. లోరిస్ క్యాను దగ్గర ఆగింది. మళ్ళీ గరిటె ముంచింది.

"ఇది గంగాళంలో పొయ్యను."

"ఏం? నిన్న సాయంత్రం పితికినవి. మంచులా చల్లగా ఉన్నాయి."

"సన్నటి పలుకులున్నాయి. ఏదో ఆవు పొదుగు వాచింది. పశువుల డాక్టర్ని పిలిపించు."

లోరిస్ క్యానులోకి తొంగి చూశాడు. "నాకేం కనపడట్లేదే. మరీ తమ్ముడి పాలనే..."

"తమ్ముడి పాలైనా, అధ్యక్షుడి పాలైనా, పలుకులుంటే పొయ్యను. వెనక్కి తీసుకుపో."

వెనక క్యూలో ఉన్న రైతులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్టర్ తన క్యాను మూత తీసి లోపల తనే ఒకసారి చూసుకున్నాడు. లోరిస్ ఏదో గొణుక్కుంటూ, గొణుగుడు మధ్యలో నవ్వు ఆపుకుంటూ, క్యాను మళ్ళీ బండి మీదికెక్కించాడు.

నీవెస్ గరిటె కడిగి, తరవాతి క్యాను మూత తీసింది.